తుప్పు తోమనన్న సక్కుబాయి

సక్కుబాయి పుట్టిందీ మెట్టిందీ కమ్మరి ఇళ్లలోనే. జగిత్యాల దగ్గరి ఊళ్లో పాతికేళ్లు మొగుడి పక్కన నిలబడి సమ్మెట కొట్టింది. అతను పోయాక ఊళ్లో బతుకు గడవక కొండాపూర్ వచ్చింది. 1999లో మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఊడ్చి తుడిచే పనికి కుదిరింది.

యజమాని చలపతిరావు గదిలో, అద్దాల పెట్టెలో ఒక జపాన్ బాకు ఉండేది. తమతో వ్యాపారం చేసే జపాన్ పెద్దమనిషి ఇచ్చిన పాతకాలపు కానుక. పక్కన తీసి పెట్టిన లక్క పూసిన నల్లటి ఒర, చేపతోలు మీద పట్టుతాడు చుట్టిన పిడి, కత్తి అలుగు మొదట్లో రాగి పట్టీ. అంచు పొడవునా మంచు తెరలా తెల్లటి గీత. ఎర్రగా కాల్చిన ఇనుముకు నీళ్లు తాపినప్పుడు పడే గీత అది. అద్దం తుడిచినప్పుడల్లా సక్కుబాయి దానికేసి చూసేది. ఆ పనివాడు మామూలోడు కాదు.

ఆ పెద్దమనిషి వస్తున్నాడని తెలిసి మేనేజర్ భరత్ బాకును బయటికి తీశాడు. ఎండిపోయిన వెదురు మేకు జారిపోయి పిడి ఊడి వచ్చింది. లోపల దాగిన ఇనుమంతా నల్లటి తుప్పు. భరత్ గరుకు కాగితం తెచ్చి సక్కుబాయి చేతికిచ్చాడు.

"మెరిసేలా తోము."

ఆమె దాన్ని కిటికీ వెలుగులో తిప్పి చూసింది. తుప్పులో ఉలితో చెక్కిన అక్షరాలున్నాయి.

"నేను తోమ సారూ. చదవరాదు గని, పిడి లోపట చెక్కేది చేసినోని పేరే. గీకితే పోతది."

"జపాన్ సంగతి నీకేం తెలుసు? తోముతావా, రేపట్నుంచి మానేస్తావా?"

"జపాన్ తెల్వది. ఇనుము తెలుసు. మానెయ్యమంటే మానేస్త గని, దీన్ని ఎవ్వరినీ గీకనియ్య."

అలుగును గుడ్డలో చుట్టుకుని చలపతిరావు గది ముందు నిలబడింది. భరత్ సెక్యూరిటీని పిలిచినా కదల్లేదు. గొడవ విని చలపతిరావు బయటికొచ్చాడు.

"ఇచ్చినాయన్నే అడుగుండ్రి సారూ. ఆయన తోమమంటే నేనే తోముత."

చలపతిరావు జపాన్‌కు ఫోన్ చేశాడు. పెట్టేసేసరికి అతని ముఖం పాలిపోయింది.

"ఆ తుప్పు జోలికి పోవద్దన్నారు. బాకు వయసు చెప్పేది అదేనట, అది పోతే బాకుకు విలువే లేదట."

సక్కుబాయి వెదురు చెక్కి కొత్త మేకు చేసి, పిడి బిగించి ఇచ్చింది.

మర్నాడు భరత్ ఒక కాగితం ముందు పెట్టాడు. ఎదురు మాట్లాడినందుకు క్షమించమని అందులో రాసి ఉంది.

"ఒక్క వేలిముద్రే కదమ్మా, వేసేయ్" అన్నాడు చలపతిరావు.

"నేను జెప్పింది నిజమా, అబద్ధమా?"

"నిజమే."

"మరి మాఫీ ఎందుకు సారూ?"

మెడలోని కార్డు తీసి ఆ కాగితం మీద పెట్టి వచ్చేసింది.

కొండాపూర్‌కు దగ్గర్లోని గోపన్‌పల్లి బండల దగ్గర రాళ్లు కొట్టేవాళ్లకు ఉలులు రోజూ మొద్దుబారేవి. సక్కుబాయి అక్కడ కొలిమి పెట్టింది. మొదటిరోజే ఓదెలు అనే రాళ్లు కొట్టే మనిషి వచ్చి అటూ ఇటూ చూశాడు.

"మొగోళ్లు లేరా?"

"నీకు ఉలి కావాల్నా, మొగోడు కావాల్నా?"

ఓదెలు ఉలి ఆమె చేతికిచ్చి, పక్కనున్న బండ మీద కూర్చున్నాడు.