గొంతున్న పింటగోల్

కానరీ పెట్టకూ అడవిపిట్టకూ పుట్టిన పింటగోల్‌ను పంజరంలో పెట్టుకొని, వాల్దెమీరు ప్రతి ఆదివారం ఛాతీ విరుచుకుంటూ పక్షుల పాటల పోటీకి వెళతాడు. దానితో జతకట్టిన పెట్టల గుడ్లన్నీ మురిగిపోతే, పెట్టలే గొడ్డువని తిట్టి మారుస్తాడు. భార్య జందీరానూ అదే మాట అని, పుట్టింటికి పంపేస్తానంటున్నాడు. చివరికి పశువైద్యురాలు పక్షిని పరీక్షించింది.

"పాడించే హార్మోను దండిగానే ఉందండీ, బీజమే లేదు. సంకరాల్లో ఇది మామూలే. పెట్టల తప్పేం లేదు."

"ఇంత గొంతున్నవాడికి బీజం లేదా? బాగుంది డాక్టరమ్మా, మీ చదువు!"

జందీరా పంజరంపై గుడ్డ కప్పుతూ, "నువ్వూ ఓసారి పరీక్ష చేయించుకోరాదూ?" అంది.

వాల్దెమీరు ఇల్లు చేరేదాకా ఛాతీ విరుచుకొని, వీధంతా వినబడేలా ఈలపాట పాడుతూనే ఉన్నాడు.