రాయ్నా పిన్ని మాస్టర్స్ డిగ్రీ

ఆగస్టు నెల. రాయ్నా పిన్ని పొయ్యి దగ్గర నిలబడి, కాల్చిన ఎర్ర మిరపకాయల తొక్క వొలుస్తోంది. నేను బల్ల దగ్గర కూర్చుని విశ్వవిద్యాలయం వాళ్ల కాగితం చదివి వినిపిస్తున్నాను. ఆమె మా పై అంతస్తు మనిషి. వరసకు పిన్ని కాకపోయినా, నాకు మాటలొచ్చిన నాటి నుంచీ అలాగే పిలుస్తున్నాను.

"ఇంకోసారి చదువు. నెమ్మదిగా. నువ్వు పద్యం చదివినట్టు చదివేస్తున్నావు," అన్నది.

మళ్లీ చదివాను. సోషల్ వర్క్‌లో మాస్టర్స్ మూడు విధాలు. మొదటిది సేవాసంస్థల నిర్వహణ. రెండోది వృద్ధులతో పని. మూడోది పిల్లలు, వికలాంగులు. డిగ్రీలో సోషల్ వర్క్ చదివినవాళ్లకు ఏడాది, వేరే ఏదైనా చదివినవాళ్లకు రెండేళ్లు. ఉద్యోగాలు చేసేవాళ్లు నెలకో వారం క్లాసులకు వస్తే చాలు. చివర్లో రాత పరీక్ష అయినా రాయవచ్చు, థీసిస్ అయినా ఇవ్వవచ్చు.

పిన్ని ఎప్పుడో చదివింది చిన్నపిల్లల బడి టీచరు చదువు. పాతికేళ్లుగా చేస్తున్నది వేరే పని. ఇప్పుడు మా ఊళ్లో ఆరుగురు వికలాంగులుండే ఒక చిన్న గృహానికి బాధ్యురాలు. ఇకమీదట అలాంటి గృహాలను సోషల్ వర్క్ మాస్టర్స్ ఉన్నవాళ్లే చూసుకోవాలని, రెండేళ్లు గడువిస్తున్నామని జిల్లా ఆఫీసు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం ఉప్పు డబ్బా కింద ఉంది. ఆమెకు యాభై రెండేళ్లు.

ఆ ఉద్యోగం పోతే ఆమెకు ఇంకో ఉద్యోగం దొరకకపోదు. భయమంతా జ్లాత్కా గురించి. జ్లాత్కాకు పాతికేళ్లు, మాటలు రావు, కొత్తవాళ్లు గదిలోకి వస్తే గోడకేసి తల బాదుకుంటుంది. పిన్ని చేత్తో పెడితేనే తింటుంది. పిన్ని ఒకసారి పది రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ అమ్మాయికి ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పోశారు.

"నిర్వహణ తీసుకోమంటున్నాడు జిల్లా ఆఫీసు తోదొరోవ్," అన్నది పిన్ని. "పరీక్ష రాసేస్తే సరి, పేపర్లు కూడా ఎవరూ చదవరు, నేనూ అలాగే పాసయ్యాను అంటున్నాడు. అది వాడి మొహం చూస్తేనే తెలుస్తుందనుకో."

"మరి అదే తీసుకో పిన్నీ."

ఆమె ఇంకో మిరపకాయ అందుకుంది. "థీసిస్ రాస్తే దాన్నేం చేస్తారు?"

"లైబ్రరీలో పెడతారు." నేను అక్కడే సాహిత్యంలో పీజీ చదువుతూ, వారానికి రెండు రోజులు లైబ్రరీలో పని చేసేదాన్ని. "వాటికి నంబర్లు వేసేది నేనే."

"ఎన్నాళ్లుంచుతారు?"

"ఎప్పటికీ. పారెయ్యడానికి వీల్లేదు."

చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. "అయితే మూడోది రాయి," అన్నది. "పిల్లలు, వికలాంగులు. థీసిస్ అని పెట్టు."

*

రెండేళ్లూ నెలకో వారం ఆమె నా గదిలోనే ఉండేది. క్లాసులో అందరూ ఆమెకు కూతుళ్లయ్యే వయసువాళ్లు. మొదటి రోజు ఆమెను పాఠం చెప్పడానికి వచ్చిన మనిషనుకుని లేచి నిలబడ్డారట. అది చెప్పి చాలాసేపు నవ్వింది. ఆమెను అంతగా నవ్వించినది ఆ రెండేళ్లలో అదొక్కటే.

రెండో ఏడు శీతాకాలంలో ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. నీలం అట్ట, మూలలు అరిగిపోయాయి. సుహా చెష్మా పల్లెలో వికలాంగ పిల్లల పెద్ద గృహం ఒకటి ఉండేది, పిన్ని అప్పట్లో అక్కడే పని చేసేది. ఇప్పుడు మూతపడింది. పద్దెనిమిదేళ్ల కిందట, మేమందరం రొట్టె కోసం వరుసల్లో నిలబడ్డ ఆ చలికాలంలో, డిసెంబరు నుంచి మార్చి లోపల, ఆ గృహంలో ఒకే గదిలో పద్నాలుగు మంది పిల్లలు పోయారు. గదిలో మంచాలు పదిహేను. మిగిలింది జ్లాత్కా.

"చావు రిజిస్టరు రాసింది నేనే," అన్నది పిన్ని. "డైరెక్టరు చెప్పేవాడు, నేను రాసేదాన్ని. గుండె ఆగింది. ఊపిరితిత్తులు. మళ్లీ గుండె. ఆకలి అని ఒక్కచోటా రాయలేదు. చలి అని రాయలేదు. నిజంగా ఏం జరిగిందో ఇంటికొచ్చి ఇందులో రాసుకున్నాను. కంప్యూటరు నాకు రాదు, నువ్వు కొట్టిపెట్టు."

కొట్టాను. వెస్కా, ఆరేళ్లు, దుప్పటి నములుతూ ఉండేది. ఫిదాన్కా, తొమ్మిదేళ్లు, చనిపోయిన నాడు పదకొండు కిలోలు. సాలి, నాలుగేళ్లు. 'అతని మంచాన్ని కిటికీ దగ్గర్నుంచి జరపమని నాలుగుసార్లు అడిగాను, జరపడానికి వేరే చోటు లేదు.' అలా పద్నాలుగు మంది. ఆ తరవాత పనివాళ్ల గురించి ఒక అధ్యాయం. వంటగదిలోంచి సరుకు ఎవరెవరి కోటు కింద ఎలా ఊళ్లోకి పోయేదో పూసగుచ్చినట్టు రాసింది. తన గురించి కూడా. 'జనవరిలో రెండు పొట్లాల పాలపొడి. కింది అంతస్తు బిడ్డకు.'

ఆ ఏడు మా ఇంటి కింది అంతస్తులో ఉన్న బిడ్డను నేనొక్కదాన్నే. నాకు ఐదేళ్లు.

ఆ వాక్యం కొట్టి, తరవాతి పేజీ తిప్పాను. పిన్ని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. ఆ సంగతి మేమిద్దరం అప్పుడూ మాట్లాడుకోలేదు, తరవాతా మాట్లాడుకోలేదు.

*

మా దేశంలో మనిషి పోతే నల్ల అంచున్న నివాళి కాగితం అచ్చువేసి తలుపు మీద, కరెంటు స్తంభాల మీద, బస్టాపులో అంటిస్తారు. నలభయ్యో రోజున మళ్లీ, ఏడాదికి మళ్లీ, ఆ తరవాత ఏటా. అంటించిన కాగితాన్ని ఎవరూ చింపరు. వానే తియ్యాలి, లేకపోతే ఎండే తియ్యాలి. ఆ పద్నాలుగు మందికీ ఒక్క కాగితమూ లేదు. పల్లె శ్మశానంలో ఒక మూలన ఇనప చువ్వలకు రేకు ముక్కలు వేలాడేవి, వాటి మీద నంబర్లుండేవి.

పిన్ని అచ్చు దుకాణానికి వెళ్లింది. థీసిస్ చివర పద్నాలుగు నివాళి కాగితాలు జతచెయ్యాలని ఆమె పట్టుదల. పోయినవాళ్ల పేరు రాసే పద్ధతి అదే కదా అని ఆమె ఉద్దేశం. నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. పుస్తకాలు ఇంత చదివినదాన్ని, ఆలోచించి ఉండాల్సింది.

అచ్చు దుకాణం దెలియన్ జాబితా చూసి కళ్లద్దాలు తీశాడు. "ఏంటి రాయ్నా, బస్సు గానీ బోల్తాపడిందా?"

"పాతవాళ్లులే."

"ఫొటోలు?"

"లేవు."

"సరే, శిలువ వేస్తా."

"సాలికి వెయ్యకు. వాళ్లు తురకలు. వాళ్ల కాగితాల మీద ఉండే ఆకు బొమ్మ వెయ్యి."

"ఆకు వేస్తా. కింద ఎవరి పేరు? దుఃఖిస్తున్నవాళ్లు, అని ఒక లైనుంటుంది కదా. ఎవరని వెయ్యను?"

పిన్ని దాని గురించి ఆలోచించుకోలేదు. గృహం పనివాళ్లు అని వేయించాలనుకుని, వాళ్ల ఒప్పుదల కోసం మర్నాడు సుహా చెష్మా బస్సెక్కింది. నన్నూ తీసుకువెళ్లింది.

గృహంలో ఇరవై ఏళ్లు వంటచేసిన కునా గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు వొలుస్తోంది.

"వచ్చావా విద్యార్థినీ," అన్నది. "పలకా బలపం ఏవీ? మీ పంతులమ్మ కొడుతోందా?"

"కొట్టట్లేదు కునక్కా. నీ పేరొకటి కావాలి."

విషయం విన్నాక కూడా కునా చేతులు ఆగలేదు. "ఎందుకు పిల్లా ఇదంతా? దుఃఖిస్తున్నవాళ్లు అని వేస్తావు. ఊళ్లో అందరికీ చదువొచ్చు. పద్దెనిమిదేళ్ల తరవాత ఏడుస్తున్నారంటే, ఎందుకు ఏడుస్తున్నారని అడుగుతారు."

"అడగనీ."

"నీకేం, మీ ఊరెళ్లిపోతావు. ఇక్కడుండేది మేము. పిండి వస్తే పిండి వండాను, నీళ్లొస్తే నీళ్లు వండాను. ఆ ఏడు ఎవరి కోటు కింద ఏముందో నేనూ చెప్పగలను. నీ కోటు కింద ఏముందో కూడా."

"పాలపొడి. రాశాను."

కునా తల ఎత్తి ఆమెను చూసింది, తరవాత నన్ను చూసింది. "అయితే ఈ పిల్లేనా," అన్నది. "బాగానే ఎదిగింది." మళ్లీ చిక్కుళ్ల మీదికి వంగింది. "నా పేరు మాత్రం వెయ్యకు. నా మనవరాలు ఈ ఊరి బళ్లోనే చదువుకుంటోంది."

ఇంకో నలుగురి ఇళ్లకు వెళ్లాం. ఒకరు తలుపే తీయలేదు. చివరికి పద్నాలుగు కాగితాల కిందా ఒకటే పేరు పడింది. దుఃఖిస్తున్నవారు: రాయ్నా మిలుషేవా.

*

థీసిస్ చూసే ప్రొఫెసర్ కల్చేవా మంచి మనిషి. పేజీ పేజీకీ చదివింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అయినా థీసిస్‌ను తిరిగి పిన్ని వైపు జరిపింది.

"మిలుషేవా గారూ, ఇది ఇలా ఒప్పుకోవడానికి వీల్లేదండీ. పరిశోధనలో పిల్లల పేర్లు బయటపెట్టకూడదు. మొదటి సెమిస్టర్లోనే చెప్పాం. చివరి పేజీలు తీసెయ్యాలి. లోపల మొదటి బిడ్డ, రెండో బిడ్డ అని నంబర్లు వెయ్యండి."

"వాళ్లకు మంచాల మీదా నంబర్లే ఉండేవండీ," అన్నది పిన్ని. "రేకుల మీదా నంబర్లే."

"నాకర్థమవుతోంది. కానీ ఈ నియమం పెట్టింది వాళ్ల గౌరవం కోసమే. పనివాళ్లను కూడా అక్షరాలతో రాయాలి. ఈ పాలపొడి విషయం అవసరం లేదు, తీసెయ్యండి. ఇది మీకూ రక్షణే."

"అదే నాకు వద్దు."

కల్చేవా కలానికి మూత పెట్టింది. "వైవా సోమవారం. ఈ రూపంలో అయితే నేను సంతకం పెట్టలేను. కావాలంటే వచ్చే ఏడాది రండి."

వచ్చే ఏడాది అంటే జిల్లా ఆఫీసు గడువు దాటిపోతుంది. జూన్ ముప్పైకి డిగ్రీ చేతిలో లేకపోతే కొత్త మనిషి వస్తుంది. తోదొరోవ్ మేనకోడలు నిర్వహణలో మాస్టర్స్ పూర్తిచేసి ఖాళీగానే ఉంది.

మెట్ల మీద పిన్ని కూర్చుండిపోయింది. నేను పక్కన నిలబడ్డాను.

"కొత్తావిడ వస్తే జ్లాత్కా ఎన్ని రోజులుంటుంది?" అన్నది. నన్ను అడిగినట్టు లేదు. "పదిహేనో కాగితం కూడా వేయించాలేమో."

ఆమె కళ్లు తుడుచుకుంటూ కూర్చునే మనిషి కాదు. లేచి, "కత్తెర ఉందేమో అడుగు," అన్నది.

ఆఫీసు గుమాస్తా కత్తెర ఇచ్చింది. పిన్ని థీసిస్‌ను వరండా కిటికీ గట్టు మీద పెట్టి నల్ల అంచు పేజీలు ఒక్కొక్కటే కుట్టు దగ్గర కత్తిరించింది. పద్నాలుగు. ఆ శని, ఆదివారాలు నేను లోపలి పేర్లు తీసేసి నంబర్లు పెట్టాను. వెస్కా ఒకటి. ఫిదాన్కా ఐదు. సాలి పదకొండు. పాలపొడి వాక్యం దగ్గర ఆగాను. "తియ్యి," అన్నది పిన్ని వెనక నుంచి.

సోమవారం వైవాలో ఆరుకు ఆరు మార్కులూ వచ్చాయి. రచయిత్రి తన విషయానికి తగిన దూరం పాటించిందని ఒక పెద్దాయన మెచ్చుకున్నాడు. పిన్ని కృతజ్ఞతలు చెప్పింది.

*

ఉద్యోగం నిలిచింది. జూలై మొదటి రోజు జ్లాత్కాకు పెరుగులో రొట్టె నానబెట్టి, చెంచా చెంచాగా పెట్టడం నేను చూశాను. డిగ్రీ కాగితం గృహం ఆఫీసు గదిలో బీరువా మీద గోడకు ఆనించి ఉంది. థీసిస్ లైబ్రరీకి వచ్చింది. నేనే నంబరు వేశాను. చదువుతామని ఎవరూ అడగలేదు.

కత్తిరించిన పద్నాలుగు కాగితాలనూ పిన్ని శరదృతువులో పితృదేవతల శనివారం నాడు సుహా చెష్మాకు తీసుకువెళ్లింది. పోయినవాళ్ల పేర ఉడికించిన గోధుమలు చక్కెర కలిపి పంచింది. సగం మంది తీసుకున్నారు. రొట్టెల దుకాణం పక్కన నివాళి కాగితాల బోర్డు ఉంటుంది. ఆ బోర్డు నిండా ఆమె పద్నాలుగూ అంటించింది. జనం దూరంగా నిలబడి చదివారు. ఎవరూ చింపలేదు.

ఫిబ్రవరిలో కునా పోయింది. అంత్యక్రియలకు ఇద్దరం వెళ్లాం. బోర్డు మీద ఖాళీ లేక, కునా కాగితాన్ని పిల్లల కాగితాల మీదే అంటించారు. పక్కన ఇంకో ముసలాయనది, ఆ కింద ఇంకొకరిది. మంచుకు తడిసి అడుగువి ఉబ్బిపోయాయి. కునా ఫొటోలో నవ్వుతోంది. ఆ కాగితం అంచు కింద సాలి ఆకు మాత్రం కొంచెం కనిపిస్తోంది.

కునా కాగితం మూల గాలికి లేచింది. కింద ఎవరి పేరుందో చూద్దామని నేను వేలితో పట్టుకున్నాను.

"వదిలెయ్," అన్నది పిన్ని. "మనం చింపం." బొటనవేలితో ఆ మూలను మళ్లీ అదిమి, అది అంటుకునేదాకా పట్టుకుంది. తరవాత టైము చూసుకుంది. జ్లాత్కా భోజనం వేళకు చేరాలంటే మూడింటి బస్సు దొరకాలి.