సన్యాసిరావు సొంత తద్దినం

గోల్‌మురి అనే టాటానగర్ పేటలో ఉండే సన్యాసిరావుకి ఒకటే అలవాటు. ఎవరే పని చెప్పినా, తిట్టినా, పొగిడినా, "నాను సచ్చిపోనోణ్ణి గదేటి" అనేవాడు.

చూస్తే అలా ఉండడు. కార్ఖానాలో క్రేన్ నడిపే మనిషి. గుబురుగడ్డం, తలుపంత ఛాతీ. పెళ్ళిపంక్తిలో అతని పక్కన కూర్చున్నవాడి విస్తట్లోకి లడ్డూ వచ్చేది కాదు. అలాంటివాడు, "ఇజీనారం కోర్టులో జడ్జీగారు నన్ను సంపేసినారు. సాక్షి మాట ఇని, పోనాడని తేల్చీసినారు" అంటే ఎవరు నమ్ముతారు? నవ్వి ఊరుకునేవారు.

ఆంధ్ర సంఘం ఎన్నికల్లో ఓటెయ్యమంటే, "సచ్చినోడు ఓటేత్తే దొంగోటైపోద్ది" అనేవాడు. పేకాటలో ఓడిపోతే, "పీనుగుని ఓడించి ఏటి బాగుపడతార్రా" అని లేచిపోయేవాడు. ఓసారి బజార్లో ఎవరో కోపంతో లాఠీ ఎత్తితే, సన్యాసిరావు ఎదురెళ్ళి, "మార్ భాయ్, మై తో పహలే సే మరా హువా హూఁ" అని, ముందే చచ్చినవాణ్ణి కొట్టుకోమన్నాడు. లాఠీ ఎత్తినవాడికి నవ్వొచ్చి, కొట్టడం మానేసి టీ ఇప్పించాడు.

అందరూ నవ్వి ఊరుకున్నా వసంతలక్ష్మి ఊరుకోలేకపోయింది. ఆవిడ ఆ కార్ఖానాలోనే ఆఫీసరైన రంగనాథ్ భార్య. ఆవిడకి ఆరాలెక్కువ. ఏ ఇంట్లో పోపు మాడినా కారణం తెలిస్తే తప్ప నిద్రపట్టేది కాదు.

"అసలు ఎందుకు చచ్చిపోయావు సన్యాసిరావూ?" అని ఓ రోజు మొహమ్మీదే అడిగింది.

"సెలవు దొరికినాదమ్మగారూ" అన్నాడతను, అడిగినదానికి అదే జవాబన్నట్టు.

ఇంతటితో ఆగితే బాగుండేది. ఏటా మాఘమాసంలో తన తద్దినం తనే పెట్టుకునేవాడు. ముందురోజు ఇంటింటికీ తిరిగి, "రేపు నా తద్దినం. మీరు రాకపోతే నా ఆత్మ శాంతించదు" అని పిలిచేవాడు. ఆ రోజు తనే పప్పు రుబ్బి, గారెలు వేసి, పరమాన్నం వండి, క్వార్టర్ల వరసలో వాళ్ళందరికీ కొసరి కొసరి వడ్డించేవాడు. పోయినవాడి గురించి రెండు మంచిమాటలు చెప్పమని తనే అడిగేవాడు. చెప్తుంటే తలవంచుకుని శ్రద్ధగా వినేవాడు.

కిందటేడు వసంతలక్ష్మి ఆ క్వార్టరు గుమ్మం దగ్గర ఆగిపోయింది. వాకిట్లో ముగ్గు ఉంది. మగవాడి చెయ్యని తెలుస్తూనే ఉంది, గీతలన్నీ రైలుపట్టాల్లా పోయాయి. గుమ్మానికి మామిడాకుల తోరణం కూడా ఉంది.

"తద్దినంనాడు వాకిట్లో ముగ్గు వెయ్యరయ్యా" అంది.

"సచ్చినోడికి శాస్త్రాలేటి తెలుత్తాయమ్మగారూ. గారె సల్లారిపోతంది, తినండి."

ఆవిడ గారె తింది గాని, ఆ ముగ్గు మాత్రం ఆవిడకి మింగుడుపడలేదు. ఎవరైనా ఆ ముగ్గు తొక్కబోతే సన్యాసిరావు చెయ్యి పట్టుకుని పక్కనించి నడిపించడం ఆవిడ కనిపెట్టింది.

ఇంతలో కార్ఖానాలో హాజరు చూసే గోవిందరావని కొత్త గుమాస్తా వచ్చాడు. అతనిది విజయనగరం. క్రేనెక్కి కూర్చునే సన్యాసిరావుని దగ్గరగా చూడలేదు గాని అతని మాట విన్నాడు. అందరిలా నవ్వలేదు.

"సన్యాసిరావనే అతను పోయాడని మా కోర్టులో తేల్చిన మాట నిజమే. నాకా రోజుల్లో కోర్టులోనే పని" అని పైవాళ్ళ చెవిన వేశాడు.

పైవాళ్ళకి ముచ్చెమటలు పోశాయి. చచ్చినవాడు క్రేన్ నడిపితే, రేపేదైనా జరిగితే ఎవరి మెడకి చుట్టుకుంటుంది? సొంతూరి నించి బతికున్నట్టు రుజువు తేవాలి, లేదా ఉద్యోగం, క్వార్టరు వదిలేసి పోవాలి అన్నారు. విచారణ రంగనాథ్‌కి అప్పగించారు.

"ఊరెళ్ళి పెద్దల ముందు నిలబడి, నేను బతికే ఉన్నానని ఒక్క మాట చెప్పి రావోయ్" అన్నాడు రంగనాథ్.

"ఆ ఒక్కటీ నా వొల్ల కాదు బాబుగారూ."

"నోరు పడిపోయిందా?"

"సచ్చిపోనోణ్ణి గదేటి" అని సన్యాసిరావు ఇంటికెళ్ళి పెట్టె సర్దుకోవడం మొదలెట్టాడు.

ఈ సంగతి విని వసంతలక్ష్మి గబగబా రోడ్డు దాటింది. వెళ్ళేసరికి అతను గారెల మూకుడు గోనెసంచిలో పెడుతున్నాడు. అంత పెద్దమనిషి ఎటు పోవాలో తెలియనట్టు కనబడేసరికి ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పోదువుగాని. ఆ ముగ్గు ఎందుకు వేశావో చెప్పి పో."

సన్యాసిరావు మూకుడు కింద పెట్టి కూలబడ్డాడు.

"అది తద్దినం కాదమ్మగారూ. సిలకమ్మ పెళ్ళిరోజు."

చిలకమ్మంటే చిన్నతనంలో అతనికి కట్టబెట్టిన పిల్ల. కాపురానికి రాకముందే ఇతను తండ్రితో దెబ్బలాడి టాటానగర్ రైలెక్కేశాడు. ఏళ్ళు గడిచాక ఓసారి సెలవు దొరికి, ఊరెళ్ళాలనిపించి రైలు దిగితే, టీకొట్టు దగ్గరే తన సంగతి తన చెవినపడింది. ఊరి బళ్ళో మేష్టారు చిలకమ్మని చేసుకుంటానంటున్నాడట. ఆ పిల్లకీ ఇష్టమేనట. అయితే మేష్టారి తల్లి పట్టుపట్టింది. మొగుడు పోయిన పిల్లయితే సరేగాని, మొగుడు వదిలేసిన పిల్లని గడప తొక్కనివ్వనంది. మొగుడు పోయాడని తేల్చమని కోర్టులో కేసు నడుస్తోంది, సాక్షి దొరకడం లేదు.

"దానికేటమ్మా, నానే ఎల్లి సాక్షి సెప్పీసినాను. గడ్డముండబట్టి నన్నెవుడూ పోల్చుకోనేదు. సన్యాసిరావు పోనాడు, నా కళ్ళారా సూసినానన్నాను."

"నీ పేరడగలేదూ?"

"అడిగినారు. సన్యాసిరావే అన్నాను. జడ్జీగారు తలైనా ఎత్తనేదు. ఆ పొద్దు కోర్టుకొచ్చినోళ్ళల్లో సగంమంది సన్యాసిరావులేనమ్మా."

వసంతలక్ష్మికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇతను బతికాడంటే చిలకమ్మ కాపురం చిక్కుల్లో పడుతుంది. తీర్పు రాగానే మాఘమాసంలో జరిగిన, తననెవరూ పిలవని ఆ పెళ్ళికి ఇతను ఏటా ఇక్కడ విందు పెడుతున్నాడు.

"పెట్టె విప్పు" అనేసి ఇంటికొచ్చింది.

రంగనాథ్ అబద్ధమాడి ఎరగడు. అత్తగారి వంకాయకూర బాగుందని కూడా అనలేక పెళ్ళయిన కొత్తలో పస్తున్నవాడు. కథంతా విని తలపట్టుకున్నాడు.

"నేనేం చెయ్యనే వసంతా?"

"మీ కార్ఖానాలో సన్యాసిరావులు ఎందరున్నారండీ?"

విజయనగరం వైపు నించి వచ్చినవాళ్ళలో ఇంటికొకరు ఉంటారు. విచారణనాడు షిఫ్టు దిగిన సన్యాసిరావులందరినీ రంగనాథ్ ఆఫీసు వరండాలో నిలబెట్టాడు. పొట్టి, పొడుగు, బట్టతల, అన్ని రకాలూ వచ్చారు. పెద్దాఫీసరు ఆ వరస చివరిదాకా చూసి నీరసపడి, "ఇన్‌మే ముర్దా కౌన్ హై?" అని, వీళ్ళలో పీనుగెవడని అడిగాడు.

"నాను గదేటి సారూ" అని మనవాడు అలవాటుకొద్దీ ముందుకొచ్చేశాడు.

గుమ్మం అవతల వసంతలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వరండా అంతా ఘొల్లుమంది. రంగనాథ్ చెవులెర్రబడ్డాయి. "పోయిన సన్యాసిరావు వేరే అతను సార్" అని గోడకేసి చూస్తూ చెప్పేశాడు.

గోవిందరావు మాత్రం దగ్గరికొచ్చి ఆ గడ్డాన్ని ఎగాదిగా చూశాడు. "ఈయన్ని నేనెరుగుదును. పోయినాయన కాదండీ. పోయాడని సాక్షి చెప్పినాయన" అన్నాడు.

ఇక రుజువేం కావాలి? చావుకి సాక్ష్యం చెప్పినవాడే చచ్చినవాడని ఏ ఆఫీసరు రాస్తాడు? సన్యాసిరావు మళ్ళీ క్రేనెక్కాడు.

ఆ ఏడు మాఘమాసంలో వసంతలక్ష్మి తెల్లారగానే వెళ్ళి, రైలుపట్టాల ముగ్గు చెరిపి, చక్కగా రథం ముగ్గు వేసింది. సన్యాసిరావు పసుపూ కుంకుమా తెచ్చి దాని మీద చల్లాడు. పంక్తిలో రంగనాథ్ పక్కన గోవిందరావు కూర్చున్నాడు. అప్పుడే ఊరెళ్ళొచ్చాడు, కబుర్లతో నోరు ఊరుకోవడం లేదు.

"పోయిన సన్యాసిరావు పెళ్ళాం మేష్టారిని చేసుకుంది కదండీ. కొడుకు పుట్టాడు. పోయినాయన ఆత్మ చల్లగా ఉండాలని పిల్లాడికి ఆయన పేరే పెట్టారట. మేష్టారే ముందుగా అన్నాడట."

"ఇంకో సన్యాసిరావా?" అన్నాడు రంగనాథ్.

సన్యాసిరావు గారెల పళ్ళెం పట్టుకుని పంక్తి మధ్యలో నిలబడిపోయాడు. గడ్డంలోంచి నవ్వు బయటపడింది.

"అయితే నాను బతికే ఉన్నానన్నమాట అమ్మగారూ" అని వసంతలక్ష్మి విస్తట్లో ఇంకో గారె వేశాడు.