రాతి నర్తకికి నేను అతికించిన చెయ్యి

మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. అబిడ్స్‌లో ఒక ఫోటో స్టూడియో మేడ మీద, అందరి ఎదుటా నా పరువు పోయింది. ఇన్నేళ్లయినా తిరిగి రాలేదు. తప్పు నాదే అంటారు చూసినవాళ్లు. డోర్కాస్ ఆంటీది అంటాను నేను.

డిజిటల్ కెమెరాలు కొత్తగా వచ్చిన రోజులవి. ప్రతి ఆదివారం మా ఫోటో క్లబ్ ఆ మేడ మీద కూడేది. ఒకరు తమ ఫోటో కంప్యూటర్‌లో చూపిస్తే మిగిలినవాళ్లు మంచీ చెడూ చెప్పాలి. నా ఫోటోల్లో చెడు చెప్పే బాధ్యతంతా డోర్కాస్ ఆంటీ నెత్తిన వేసుకుంది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా రిటైరైన మనిషి. సూది గుచ్చినంత తేలిగ్గా మాట గుచ్చేది. నేను రంగులు దిద్దిన రాతి బుద్ధుణ్ణి చూసి, "జరమొచ్చినట్టున్నడు బిడ్డా, జర ఎరుపు తగ్గించు" అంది. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోను కూడా.

ఇంతలో నాంపల్లిలో క్లబ్ ప్రదర్శన పెట్టాలనుకున్నాం. వాకిలి ఎదురుగా ఉన్న గోడ ఒకే ఒక్క ఫోటోకి. ఆ గోడ నాకే దక్కాలి, దాని ముందు ఆంటీ నోరు మూసుకుని నిలబడాలి. అందుకని, ఎడమచెయ్యి భుజం దాకా విరిగిపోయిన ఒక పాత రాతి నర్తకిని ఫోటో తీసి, కంప్యూటర్‌లో ఆమెకు చెయ్యి మొలిపించాను. ఆ చెయ్యి ఎక్కడిదో ఇప్పుడే అడక్కండి. వారమంతా కూర్చుని దానికి రాతి రంగు అద్దాను, గరుకు అద్దాను, పగుళ్లు కూడా పెట్టాను.

ఆదివారం ఫోటో తెర మీదకు రాగానే అందరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. రైల్వే గుమాస్తా యాదగిరన్న, "కమాల్ చేసినవ్ తమ్మీ" అన్నాడు. ఏమైనా దిద్దావా అని అడిగారు. కాస్త వెలుగు పెంచానంతే, మిగతాదంతా ఆనాటి శిల్పి గొప్పతనం అంటూ వినయంగా తల వంచాను. ఎత్తేసరికి ఆంటీ తెరకు ముక్కు ఆనించి ఉంది.

"ఎన్నేండ్ల కిందటి బొమ్మ బిడ్డా ఇది?"

"ఎనిమిది వందల ఏళ్లు, ఆంటీ."

"మరి గీమెకు టీకా ఎవరేసిన్రు?"

నేనూ తెర వైపు వంగి చూశాను. భుజం కింద గుండ్రంగా, ముడతలు పడి, రూపాయి బిళ్లంత మచ్చ. దాన్ని కూడా శ్రద్ధగా రాయిగా మార్చాను. అయితే ఓడిపోవడం నాకు రాదు. దండకడియం అన్నాను. అరిగిపోయిందన్నాను. వానచినుకులు తొలిచాయన్నాను.

"వేలమందికి ఏసిన, నాకు చెప్తవా. జర నీ చొక్కా చెయ్యి పైకి మడువు."

మడవనన్నాను. యాదగిరన్న మడిచాడు.

తెర మీద ఒకటి, నా జబ్బ మీద ఒకటి. అదే చోటు, అదే గుండ్రం, అదే ముడత. పైగా ఫోటో కోసం వెంట్రుకలు గీసేసిన నా చెయ్యి, బొచ్చు పీకిన కోడిలా మెరుస్తోంది. అందరూ తెరనూ నా చెయ్యినీ మార్చి మార్చి చూశారు. ఆంటీ ఒక్కతే నెమ్మదిగా అంది:

"చెయ్యి మంచిగనే ఉంది బిడ్డా. ఆడమనిషిది తీస్కుంటే అయిపోయేది."

గోడ యాదగిరన్నకు దక్కింది. నేను ఆ మేడ మెట్లు దిగుతూనే ప్రతిజ్ఞ చేశాను: ఇకపై ఏ శిల్పానికి చెయ్యి విరిగినా, కాలు విరిగినా, చివరికి తలే లేకపోయినా సరే, నా ఒంట్లోంచి ఒక్క వేలు కూడా దానం చెయ్యను.