రెక్క మీది సొట్ట

రాప్తాడు దాటాక హైవే పక్కన పాతబండ్ల మ్యూజియం ఉంది. జీపులు, లారీలు, ఆవిరితో నడిచిన రోడ్డు రోలరు, వాటి మధ్య ఒక చిన్న విమానం. రోజూ పొద్దున్నే వాటి దుమ్ము తుడిచేది తిమ్మక్క. విమానం రెక్క మీద గుప్పెడంత సొట్ట ఉంది. అక్కడికొచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోతుంది.

ఒకప్పుడు ఆ విమానం మబ్బుల్లో మందు చల్లి వాన కురిపిస్తానని వచ్చింది. అది తిరిగినన్నాళ్లూ చుక్క రాలలేదు. మబ్బుల్ని కర్ణాటకకు తరిమేస్తోందని ఊళ్లన్నీ నమ్మాయి. తప్పే! కానీ శెనక్కాయ చేను కళ్లముందే మాడిపోతుంటే ఎవడికి బుర్ర పనిచేస్తుంది? ఒక మధ్యాహ్నం అది నేల మీద ఆగి ఉన్నప్పుడు మూడూళ్ల జనం గడ్డపారలతో, రాళ్లతో దాని మీద పడ్డారు. చంకలో బిడ్డతో తిమ్మక్క విసిరిన రాయి రెక్కకు తగిలి ఎగిరి, కాపలా ఉన్న కుళ్ళాయప్ప ఎడమ కన్ను పగలగొట్టింది. పోలీసులు రాగానే ఆమె మొగుడు పుల్లన్న ముందుకు పోయి, "నేనే ఏసినా" అన్నాడు. లాఠీలతో ఎముకలు విరగ్గొట్టారు. జైలు నుంచి రక్తం కక్కుకుంటూ వచ్చి, ఏడాది తిరక్కుండానే పోయాడు.

ఆ కుళ్ళాయప్పే ఇప్పుడు మ్యూజియం కాపలాదారు. వచ్చినవాళ్లకల్లా సొట్ట చూపించి పుల్లన్నను తిట్టిపోస్తాడు. ఉన్న ఒక్క పనీ పోతుందని తిమ్మక్క నోరు మూసుకుని వింటుంది. తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

మొన్న గార్లదిన్నె బడిపిల్లలొచ్చారు. కుళ్ళాయప్ప చేతికర్రతో రెక్క మీద టంగున కొట్టాడు.

"పుల్లన్నని ఒక దొంగనాకొడుకు ఏసిన రాయప్పా ఇది. కుక్కసావు సచ్చినాడు. పీడ పోయింది."

తిమ్మక్క బకెట్టు కింద పెట్టింది.

"ఆయప్ప కాదన్నా. ఏసింది నేను. నా దెబ్బలు ఆయప్ప తిన్యాడు."

కర్ర లేచింది. మొదటి దెబ్బకు నుదురు చిట్లి మొహమంతా రక్తమైంది. రెండోది భుజం మీద పడింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టలేదు. పిల్లలు కెవ్వుమని బయటికి పరిగెత్తారు. మూడో దెబ్బ గురి తప్పి, కర్ర విమానం చక్రానికి తగిలి విరిగింది.

"ఇన్నేండ్లు సచ్చినోన్ని తిట్టిస్తివి గదే నాతో!" అంటూ కుళ్ళాయప్ప రెక్క కింద కూలబడి ఏడ్చాడు.

వారం తర్వాత తిమ్మక్క నుదుటి మీద ఏడు కుట్లతో పనిలోకి వచ్చింది. కళ్యాణదుర్గం నుంచి వచ్చిన ఒకాయన సొట్ట తడిమి, "ఎవురు కొట్టిన్యారన్నా దీన్ని?" అని కుళ్ళాయప్పను అడిగాడు. అతను రెక్క దగ్గర్నుంచి పక్కకు జరిగాడు.

తిమ్మక్క తడిగుడ్డ పిండుకుంటూ ముందుకొచ్చింది.

"నేనేనన్నా," అంది. "పుల్లన్న పెండ్లాన్ని."