భీమక్క అడగని సెలవు

ఆదోని పత్తిమిల్లులో పదమూడేండ్లు పనిచేసి ఒక్క రోజు కూడా సెలవడగని మనిషి భీమక్క. మిల్లులో ఆ మాట గొప్పగా చెప్పుకునేవాళ్లు. గొప్పేముంది అందులో? ఎద్దు కూడా అడగదు.

అక్కడ మిషన్‌కు ఇద్దరు ఆడవాళ్లు జత. ఒకరు పత్తి ఎత్తిస్తే ఇంకొకరు మిషన్‌లో సర్దాలి. ఒకరు రాకపోతే రెండో మనిషిని గేటు దగ్గరే వెనక్కి పంపిస్తారు. భీమక్కకు జత పుష్ప. పుష్ప మొగుడు మంచాన పడి ఏడాది దాటింది. తాను మానితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదని భీమక్కకు బెంగ. జ్వరమొచ్చినా తలకు గుడ్డ చుట్టుకుని వచ్చేది.

ఒక సోమవారం కోసిగి నుంచి అక్క కొడుకు జయరాం ఫోన్ చేశాడు.

"సిన్నమ్మా, అమ్మ గంజి కూడా తాగడం ల్యా. నిన్నే అడుగుతాంది. వస్తావా?"

"ఆదివారం మిల్లుకు సెలవు గదప్పా. ఆ పొద్దు వస్తా."

మల్లమ్మ వట్టి అక్క కాదు. తల్లి పోయాక భీమక్కను చంకనేసుకుని పెంచింది. సంగటి ముద్దలో పెద్ద సగం చెల్లెలికి పెట్టి, తనకు ఆకలి లేదని అబద్ధమాడిన మనిషి. అట్లాంటి అక్క పిలిస్తే కోసిగి ఎంత దూరం? భీమక్క మాత్రం రోజూ మేస్త్రి లక్ష్మన్న ముందు నిలబడేది, పుష్ప కూలి గుర్తొచ్చి "ఏం ల్యాదన్నా" అని మిషన్ దగ్గరికి పోయేది.

గురువారం అన్నాల వేళ పుష్ప పట్టేసింది.

"ఏమక్కా, తెచ్చిన సద్ది తెచ్చినట్టే మూత పెడతాండావు? ఏమైంది?"

భీమక్క చెప్పింది. పుష్ప అగ్గి మీద గుగ్గిలమైంది.

"నీకేమన్నా మతుందా? నా కూలి కోసరం మీ అక్కను ఆడ పండబెట్టి ఈడ కూసున్యావా? రేపు ఆయమ్మకేమన్నా అయితే నా మొగం సూడగలవా నువ్వు? లెయ్యి!"

చెయ్యి పట్టుకుని మేస్త్రి దగ్గరికి లాక్కుపోయింది. దొంగతనం ఒప్పుకుంటున్నట్టు తల వంచుకుని అడిగింది భీమక్క.

"దీనికింత దిగులెందుకమ్మా?" అన్నాడు లక్ష్మన్న. "ముందు రోజు సెప్తే బదులు మనిషిని పెడతాం గదా. సెప్పకుండా మానితేనే రెండో మనిషి ఎనక్కి పోయేది. ఇన్నేండ్లుండి ఇది తెలీదా? పో, పుష్ప సంగతి నేను సూసుకుంటా."

తెలీదు. పుష్పకూ తెలీదు. అడిగితే కదా తెలిసేది.

ఆ సాయంత్రానికే భీమక్క కోసిగి చేరింది. మల్లమ్మకు ఊపిరి ఉంది, మాట లేదు. కండ్లు తెరిచే ఉన్నా ఎవరినీ పోల్చుకోవడం లేదు.

"నిన్న మాపటిదాంకా మాట్లాడినాది సిన్నమ్మా," అన్నాడు జయరాం. "భీమి వచ్చిందా, భీమి వచ్చిందా అని."

వాడు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

భీమక్క తడిగుడ్డతో అక్క మొహం తుడిచింది. పెదవుల మీద చుక్కచుక్కగా నీళ్లు వదిలింది. "అక్కా, నేను భీమిని. సెలవడిగి వచ్చినా," అంది. మళ్లీ అంది. శనివారం పొద్దెక్కేసరికి మల్లమ్మ పోయింది.

మట్టి చేసి అక్క ఇంటికొచ్చాక మేస్త్రి ఫోన్ చేసి, సోమవారం పనిలోకి వస్తావా అని అడిగాడు.

"రానన్నా. మా అక్క దినాలయ్యేదాంకా రాను. పుష్పకు ఇంకో మనిషిని సూడు."

"సరేలేమ్మా," అన్నాడతను.

అంతే. అంత సులువైన మాట. ఫోన్ ఒళ్లో పెట్టుకుని అప్పుడు ఏడ్చింది భీమక్క.