నా ఫొటో కింద రాసిన మాట

ఇది ఎప్పుడో రాయాల్సింది. రాయలేకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. అవి నలభై ఆరో ఏట, మా బస్తీలో ఆడవాళ్లకు సాయంత్రం పూట పెట్టిన తరగతిలో వచ్చాయి. రెండో కారణం చెప్పుకోవడం కష్టం. అనసూయక్క గురించి రాయాలంటే నేనాడిన అబద్ధం గురించీ రాయాలి. పలక మీదైతే చెరిపేయవచ్చు, కాగితం మీద అది ఉండిపోతుందని చెయ్యి ఆగేది. అక్క పోయి రెండేళ్లయింది. మొన్న కొత్తగూడ చౌరస్తాలో ఎవరో ఆటోలోంచి ఆకుకూరల మూట దించుతుంటే తడి గోనె వాసన ముక్కుకు తగిలింది. "జర జరుగవే, ఎండంతా నా మీదికే తోస్తవా?" అని అక్క పక్కనే నిలబడి అన్నట్టయింది. ఇంటికి రాగానే నోటు పుస్తకం తీశాను.

ఆ చౌరస్తాకు దగ్గరలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల ముందు ప్రతి ఆదివారం రైతుల సంత పెట్టేవారు. సంతకు రాకముందు నేను పదకొండేళ్లు ఒక ఐటీ టవర్‌లో బాత్రూములు కడిగాను. తర్వాత శంకర్‌పల్లి వైపు అరెకరం కౌలుకు పట్టి, ఆకుకూరలు వేసి, ఆ ఉద్యోగం మానేశాను. సంతలో నా పక్క చోటు అనసూయక్కది. అరవై దాటిన మనిషి, నోరు పెద్దది. ఎవరైనా బెండకాయల కొసలు విరిచి చూస్తుంటే, "నా వేళ్లు గూడ ఇరిసి చూడు బిడ్డా, లేతగున్నయో లేదో" అనేది. ఒకసారి గళ్ల చొక్కా ఆయన ఒకరు వచ్చి, మందు కొట్టారా అని అడిగాడు. "రెండుసార్లు కొట్టిన. ఆఖరుసారి కొట్టి పన్నెండు దినాలాయె. కొట్టకుంటే నీకంటే ముందు పురుగు తినిపోతుండె" అంది అక్క. ఆయన సంచి మడుచుకుని వెళ్లిపోయాడు.

"అక్కా, గట్ల చెప్తే ఎవరు కొంటరు?" అన్నాను.

"పోయేటోడు పోనీ. మల్ల వచ్చేటోడు నన్ను ఇంకేం అడగడు."

ఇప్పుడు నన్ను ఎవరు ఆ ప్రశ్న అడిగినా ఎన్నిసార్లు కొట్టానో, ఎన్ని రోజులైందో చెప్తాను. చెప్పే ముందు ఒక్క క్షణం భయం వేస్తుంది, ఇప్పటికీ.

సంత నడిపే మేనేజరు సారు మా అందరి వెనకా ఫ్లెక్సీలు కట్టించాడు. నా వెనక నా ఫొటో, చేతిలో పాలకూర కట్ట, కింద ఎర్రటి అక్షరాలు. టవర్‌లో ఎవరూ నా ముఖం వైపు చూసేవారు కాదు. ఇక్కడ మనిషంత ఫొటో. వచ్చినప్పుడల్లా దాన్ని తుడిచేదాన్ని. అక్క వెనక మాత్రం వట్టి గోనెపట్టా వేలాడేది. ముసలిదని ఫొటో తీయలేదేమోనని జాలిపడి, "సారుకు చెప్పనా? నీకూ ఒకటి కట్టిస్తడు" అన్నాను. అక్క నన్ను వింతగా చూసి, "నాకొద్దు తల్లీ, నీదే సల్లగుండనీ" అంది.

ఆ వానాకాలం వారం రోజులు ముసురు పట్టి నా పాలకూర మడి కుళ్లిపోయింది. మేనేజరుకు ఫోన్ చేస్తే, ఒక్క వారం ఖాళీ పెట్టినా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. "ఎక్కడికెల్లయినా తెచ్చుకో, ఎవరు చూస్తరు?" అని ఫోన్ పెట్టేశాడు. చోటు పోతే మళ్లీ టవర్‌లో బాత్రూములే. మండీలో రెండు మూటల పాలకూర కొన్నాను. మండీ కట్టలు రబ్బరు బ్యాండ్లతో ఉంటాయి. అవి తీసేసి, నేను ఎప్పుడూ కట్టే అరటినారతో మళ్లీ కట్టాను.

ఆదివారం పది గంటలకు సుజాత మేడం వచ్చింది. ఆ అపార్ట్‌మెంట్లలోనే ఉంటుంది, గోదావరి వైపు మనిషి. రెండు నెలలుగా ఆకుకూర నా దగ్గర తప్ప కొనడం లేదు.

"అమ్మని నిన్ననే హాస్పిటల్ నుంచి తీసుకొచ్చాం లక్ష్మమ్మా. బాగా నీరసంగా ఉంది. రేప్పొద్దుట నుంచి పచ్చి పాలకూర రసం ఇద్దామనుకుంటున్నాను. మందు కొట్టని ఆకైతేనే ఇమ్మన్నారు. ఇది మీ చేలోదే కదండీ?"

తల ఊపినా సరిపోయేది. నేను నోటితోనే చెప్పాను. "నా చేనుదే మేడం. పొద్దుగాల కోసిన."

ఆమె ఆరు కట్టలు తీసుకుని, నా చెయ్యి గట్టిగా ఒత్తి వెళ్లిపోయింది. పక్కన అక్క తూకం ఆపేసింది.

"పొద్దుగాల కోసినవా? మడి కుళ్లిందని మొన్న ఫోన్ల ఏడిస్తివి గదనే."

"ఈ ఒక్క వారమే అక్కా."

"నీ ఫొటో కింద ఏం రాసిండ్రో ఎరుకనా?"

"నా పేరు."

అక్క ఐదో తరగతి దాకా చదివింది. లేచి వచ్చి, ఫ్లెక్సీ మీద వేలు పెట్టి, ఒక్కో మాట కూడబలుక్కుని చదివింది. "ఇది నా సొంత చేను పంట. ఒక్క చుక్క మందు కొట్టలేదు. నన్ను నమ్మండి."

వెనక్కి తిరిగి ఆ ఎర్రటి అక్షరాలు చూశాను. ఇన్ని నెలలు ప్రతి ఆదివారం ఆ మాటల కింద నిలబడి అమ్మాను. నేనూ మందు కొట్టినదాన్నే, ఎండాకాలంలో ఒకసారి.

"నాకూ గిట్లనే కట్టిండు. చింపి పారేసిన. గందుకే నా ఎనక గోనె."

"నాకు చదువు రాదు గదక్కా! నాకేం తెలుసు?"

"అది రాసినోని తప్పు. పొద్దుగాల కోసిన అన్నదెవరు? ఫ్లెక్సీ అన్నదా?"

నాకు ఏడుపొచ్చింది. మేడంకు నువ్వే చెప్పమని అక్కను బతిమాలాను.

"నేను చెప్తే నాకు మంచి పేరొస్తది. నువ్వు గిట్లనే ఉంటవ్. రేపు పొద్దుగాల తాపుతదట ఆ ముసలామెకు. ఇగ నీ ఇష్టం."

అక్క తన చోటుకు వెళ్లి మళ్లీ తూకం పట్టుకుంది. నిజం బయటపడితే సంత మొత్తం మీద అనుమానం వస్తుంది, అక్క చోటు కూడా పోవచ్చు. అది తెలిసే అక్క నన్ను నిజం చెప్పమందని నాకు చాలా రోజులకు గానీ తట్టలేదు.

బస్సులో ఇంటికి వెళ్తూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఊరు సగం తినేది మండీ ఆకే. ఆమె కడుక్కోదా? ఇంటికెళ్లి, మిగిలిన ఆకు పప్పులో వేద్దామని కడిగాను. రెండోసారి కడిగాను. నాలుగోసారి నీళ్లు వంపుతుంటే చేతులు ఆగిపోయాయి. ఉడకబెట్టుకునే ఆకునే నేను ఇన్నిసార్లు కడుగుతున్నాను. ఆమె పచ్చిగా ఇవ్వబోతోంది.

మర్నాడు మొదటి బస్సెక్కి ఆరున్నరకల్లా ఆ అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర వరసలో నిలబడ్డాను. ముందూ వెనకా ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, పాలవాళ్లు. నా వంతు రాగానే సెక్యూరిటీ ఆయన, "ఎవరింటికమ్మా? ఏం పని?" అన్నాడు. నా పేరు చెప్పి, మాటల్లో ఆమె ఎప్పుడో అన్నది గుర్తుపెట్టుకుని, సి బ్లాకు, తొమ్మిదో అంతస్తు, సుజాత మేడం అన్నాను. ఆయన ఫోన్ కలిపి, "సంతలో ఆకుకూరలమ్మే లక్ష్మమ్మ అట మేడం" అని చెప్పి, "ఏమని చెప్పాలె?" అని నన్ను అడిగాడు. వెనక నుంచి ఎవరో "జల్ది కానియ్యమ్మా" అన్నారు. నేను చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాను. అటు మిక్సీ తిరుగుతోంది. నా మాట ఆమెకు వినబడటం లేదు. గట్టిగా అరవాల్సి వచ్చింది, వరసలో అందరూ వినేటట్టు.

"మేడం, నిన్న మీకిచ్చిన పాలకూర నా చేనుది కాదు. మండీల కొన్నది. దాని మీద ఏం కొట్టిండ్రో నాకు తెల్వదు. అమ్మకు తాపకుండ్రి."

అటు మిక్సీ ఆగింది.